హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు నిజంగా నిజాం వారసుడి ఎస్టేటా? అమ్మానాన్నలను తీసుకెళ్తే చూడ్డానికి ఏముంటాయి?

అవునండీ, ఎస్టేటే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967లో చనిపోయాక వారసత్వం కొడుక్కి కాకుండా మనవడు ముకర్రం జాకి వచ్చింది. ఒకప్పుడు ఈ స్థలం ఆయనదే. లోపలున్న చిరాన్ ప్యాలెస్ కూడా ఆయనదే. తర్వాత ఆయన ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల ఫారం పెట్టుకున్నారు. 1998లో 350 ఎకరాలకు పైగా స్థలాన్ని నేషనల్ పార్కుగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు.

ప్యాలెస్ కోసమే అయితే మాత్రం వెళ్ళకండి, మామూలు సందర్శకులను అందులోకి పంపరు. పూలమొక్కలు, ఫౌంటెన్లు ఉంటాయనుకున్నా నిరాశే. అక్కడుండేది బండలు, ముళ్ళపొదలు, వేపలు, వెదుళ్ళు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ అంతా ఒకప్పుడు అలాగే ఉండేది. ఎస్టేటుగా ఒకరి చేతిలో ఉండిపోబట్టే ఈ ముక్క ప్లాట్లు కాకుండా మిగిలిందని నా నమ్మకం. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తారని తెలిసి జనం రోడ్డెక్కింది కూడా అందుకే.

పాలమూరు నుంచి మా అమ్మ వచ్చినప్పుడు, శ్రావణమాసంలో, ఒకరోజు పొద్దున్నే తీసుకెళ్ళాను. "టికెట్ కొని అడవి చూసుడేందిరా?" అంది గేటు దగ్గర. పది నిమిషాలు నడిచామో లేదో, సీతాఫలం చెట్టు కనపడగానే ఆగిపోయింది. కొమ్మ వంచకుండా ఒక కాయ కింద వేలు ఆనించి చూసి, "ఇంకా కండ్లు ఇచ్చుకోలే, చానా రోజులు పడ్తది" అంది. ఆ తర్వాత దారంతా ఒక్కో చెట్టు పేరు తనే చెప్పింది. నేను వింటూ నడిచాను.

కాసేపటికి నెమలి ఒకటి బండ దిగి మా ముందు నుంచే దాటింది. రాలిన ఆకుల మీద తోక ఈడ్చుకుంటూ పోతుంటే వాకిలి ఊడ్చినట్టు సరసర చప్పుడు. అంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ ఒక ఈక ఏరుకోబోతే వద్దన్నాను. నేషనల్ పార్కు కదా, అక్కడి నుంచి ఏదీ తేకూడదు.

నెమళ్ళు కావాలంటే గేటు తెరిచేసరికే అక్కడుండండి, ఎండెక్కితే అవి పొదల్లోకి పోతాయి. పార్కు పొద్దున, సాయంత్రమే తెరుస్తారు, మధ్యాహ్నం మూసేస్తారు. లోపలి దారి మట్టిది, ఎత్తుపల్లాలుంటాయి. మీ వాళ్ళకు మోకాళ్ళ నొప్పులుంటే మొత్తం చుట్టించకండి, అరగంట నడిచి వెనక్కి తిరిగినా చాలు. మెట్రోలో వస్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగి, పెద్దవాళ్ళున్నారు కాబట్టి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి.