సోర్ బీర్ నిజంగా ఇష్టపడే తాగుతారా? మీకు నచ్చే క్రాఫ్ట్ బీర్ రకాలేంటి?

"పాడైన మజ్జిగలాంటి దానికి అంత డబ్బు పోసి ఆహా అనడం గొప్పకేనా" అని కూడా అడిగారు మీరు. సోర్ బీర్ అంటే కావాలనే పుల్లగా చేసే బీరు. నా మట్టుకు నిజంగానే ఇష్టం. కాకపోతే ఆ ఇష్టం నాకు కల్లు దగ్గర మొదలైంది.

మాది నల్లగొండ వైపు పల్లె. తెల్లారి దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. పొద్దుగూకేసరికి ముక్కు చిట్లించుకుని తాగాల్సిందే. ఊళ్లో చాలామంది పొద్దటి కల్లే కావాలనేవాళ్లు, మా నాయన మాత్రం మధ్యాహ్నం దాకా ఆగేవాడు. అందులో ఈస్టు ఎవరూ కలపరు. కల్లు దించే కుండకు, అదే లొట్టికి, అంటుకుని ఉన్నదీ గాలిలో ఉన్నదీ కలిసి పులియబెట్టేస్తాయి. నేనూ మా నాయన పార్టీయే. (సిటీలో మందు కలిపి అమ్మే సరుకు గురించి కాదు నేను చెప్పేది, దాన్ని కల్లు అనడమే తప్పు.)

కొన్నేళ్ల కింద ఆఫీసు పని మీద కొన్ని నెలలు బ్రసెల్స్‌లో ఉన్నా. అక్కడ మిడి స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఆండెర్‌లెక్ట్‌లో, కాంటియోన్ అనే బ్రూవరీ ఉంది. 1900లో పెట్టింది. ఇప్పటికీ బీరు చేస్తూనే మ్యూజియంగా కూడా నడుస్తోంది. పైన అటకలాంటి చోట వెడల్పాటి, లోతు లేని రాగి తొట్టి ఒకటి చూశా. బార్లీ మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), గోధుమలు కలిపి తీసిన తియ్యటి రసాన్ని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి అందులో పోసి రాత్రంతా చల్లారనిస్తారు. గాలిలో ఉన్న ఈస్టూ బ్యాక్టీరియా వాటంతట అవే వచ్చి పడతాయి, వేరే తోడేమీ వేయరు. చలి రోజుల్లోనే ఈ పని. ఎండాకాలం గాలిలో అక్కర్లేని క్రిములు ఎక్కువ. హాప్స్ కూడా కావాలనే పాతబడ్డవి వాడతారు, చేదు పోయి నిల్వ ఉంచే గుణం మాత్రం మిగులుతుందని. పీపాల గదిలో బూజు దులపరు, పండ్లకు మూగే ఈగల సంగతి సాలీళ్లు చూసుకుంటాయట. అదంతా చూస్తుంటే నాకు మా ఊరి లొట్టే గుర్తొచ్చింది.

అలా పీపాల్లో మాగినదాన్ని లాంబిక్ అంటారు. ఏడాదిది, రెండేళ్లది, మూడేళ్లది కలిపి సీసాలో పోస్తే అక్కడ మళ్లీ పులిసి నురగ పుడుతుంది. అదే గ్యూజ్.

ఇంత చెప్పా కానీ మొదటి గ్లాసు సగంలోనే వదిలేశా. తడిసిన గోనెసంచి, పశువుల కొట్టంలో ఎండుగడ్డి కలిసినట్టు వాసన. అది బ్రెటనోమైసిస్ అనే ఈస్టు పని. లాగర్, అంటే మనకు అంతటా దొరికే మామూలు బీరు, చేసేవాళ్లు దాన్ని దొంగను తరిమినట్టు తరుముతారు. మూడోసారికి గానీ నాకు ఆ వాసన వెనకున్న రుచి అందలేదు: నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, చివర్లో నాలుక మీద ఆరిపోయినట్టు పొడిగా. అప్పటినుంచి వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక సీసా తెచ్చి మా నాయనకు పోశా. రెండు గుక్కలు తాగి "కల్లే. చలిలో పెట్టిన కల్లు" అన్నాడు. ధర చెప్పాక మిగతాది ముట్టుకోలేదు.

పుల్లగా ఉన్నదల్లా నచ్చుతుందని కాదు. ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక చోట గోధుమ బీరు అడిగితే వెనిగర్‌లాంటిది తెచ్చారు. అడిగితే "ఇది సోర్ సార్" అన్నాడు. అది సోరేమీ కాదు, పైపులు కడగక చెడిపోయిన బీరు. పెరుగు పులుపు నాలుక పక్కల్లో నీళ్లూరిస్తుంది, చెడిపోయిన బీరు ముక్కులో గుచ్చుకుంటుంది. పెరుగు పులిసిందో విరిగిందో మన ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చెబుతారు, బీరు దగ్గరికొచ్చేసరికి ఎందుకో మొహమాటపడతాం.

ఈ రోజుల్లో బార్లలో దొరికే సోర్లు ఎక్కువగా కెటిల్ సోర్లు. మనం పాలకు తోడు పెట్టినట్టే, మాల్టు రసంలో లాక్టోబాసిలస్ అనే పులిపించే బ్యాక్టీరియా వేసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచి, పులిశాక మరిగించి, ఆపైన మామూలు ఈస్టు వేస్తారు. చవక, త్వరగా అయిపోతుంది. తప్పేం లేదు, కానీ రుచి ఒంటిపొర. దానికి మామిడి గుజ్జు, వెనిల్లా కలిపి చిక్కగా ఇస్తారు చూడండి, అది నాకు జ్యూస్ బండి దగ్గర తాగినట్టే ఉంటుంది.

ఆ పద్ధతిలో వచ్చేవాటిలో నాకు నచ్చేది గోసె. జర్మనీలో గోస్లార్ పేరు మీద పుట్టి లైప్‌జిగ్‌లో పేరు తెచ్చుకున్న బీరు. అందులో ఉప్పు, ధనియాలు వేస్తారు! మండుటెండలో ఉప్పు మజ్జిగకు అలవాటు పడ్డ నోటికి ఇది పరాయిదిగా అనిపించదు. బెల్జియంలోనే రొసెలార్ ఊళ్లో చేసే రోడెన్‌బాక్ గ్రాండ్ క్రూ మరో రకం. పెద్ద పెద్ద ఓక్ పీపాల్లో మాగి ఎర్రగా, కాస్త వగరుగా వస్తుంది. ఇందులో వెనిగర్ ఛాయ కావాలనే ఉంటుంది, ఇందాకటి నా సూత్రానికి ఇదొక మినహాయింపు. బెర్లినర్ వైసె అనే బెర్లిన్ పుల్ల బీరు తేలిక, కానీ పచ్చ సిరప్, ఎర్ర సిరప్ పోసి ఇస్తే నాకొద్దు.

మిగతా రకాల్లో నల్లటి స్టౌట్ బీరు చలికాలంలో ఒక గ్లాసు వరకు ఓకే. హాప్స్ చేదు ఎక్కువుండే ఐపీఏ మాత్రం నాకు పడదు, కాకరకాయ చేదు కూరలో తినగలను గానీ గ్లాసులో వద్దు. బిర్యానీతో మామూలు లాగరే, అందులో నాకు సిగ్గేం లేదు.

తిండి సంగతి: గోంగూర మాంసంతో గ్యూజ్ తాగి చూశా, పులుపు మీద పులుపు పడి రెండూ చెడ్డాయి. మటన్ ఫ్రై, చేపల వేపుడు, మిర్చి బజ్జీ లాంటి నూనె ఉన్నవాటితో బాగుంటుంది. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు, నాలాగా గ్యాస్ బాధ ఉంటే రాత్రంతా కూర్చోవాల్సి వస్తుంది.

మొదలుపెట్టాలంటే గోసెతో మొదలుపెట్టండి. గ్యూజ్ అయితే 75 సెంటీలీటర్ల సీసా ఇద్దరు ముగ్గురు పంచుకోండి. అడుగున మడ్డి ఉంటుంది, వంచేటప్పుడు కదపకండి. మొదటి గుక్కకే తీర్పు చెప్పకుండా మూడో గుక్క దాకా ఆగండి, అప్పటికీ నచ్చకపోతే పక్కవాళ్లకిచ్చి లాగర్ చెప్పుకోండి.