ఫర్ ట్రేడ్ (జంతువుల తోళ్ళ వ్యాపారం), గోల్డ్ రష్ (బంగారం కోసం జనం ఎగబడటం) రోజుల్లో పయొనీర్ల (కొత్త చోటికి ముందుగా వచ్చినవాళ్ళ) బతుకు నిజంగా ఎలా ఉండేది? సినిమాల్లో లాగేనా?

నేను కెనడాలో సర్రేలో ఉంటానండి, ఇక్కడికి దగ్గర్లోనే ఫోర్ట్ లాంగ్లీ ఉంది, ఇండియా నుంచి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తా కాబట్టి ఓ పదిసార్లు చూసుంటా. నాకు తెలిసింది ఆ ఒక్క చోటే, దాని గురించే చెప్తా.

1827లో హడ్సన్స్ బే కంపెనీ అనే బ్రిటిష్ వర్తక కంపెనీ వాళ్ళు ఫ్రేజర్ నది ఒడ్డున బీవర్ అనే జంతువు తోళ్ళ కోసం పెట్టిన కోట అది. తుపాకీ పట్టుకుని అడవిలో తిరిగేవాళ్ళేమో అనుకున్నా నేను కూడా. కానీ తోళ్ళు తెచ్చేది అక్కడి ఆదివాసులు, కంపెనీ వాళ్ళు కంబళ్ళు అవీ ఇచ్చి తీసుకునేవాళ్ళు అంతే. మరి కోటలో పెద్ద పనేంటయ్యా అంటే ఉప్పుచేప! మాది ఉప్పాడ వైపులెండి, ఇంత దూరమొచ్చి మళ్ళీ ఇదేనా అని నవ్వొచ్చింది. సాల్మన్ కోసి, ఉప్పేసి, చెక్క పీపాల్లో కుక్కి ఓడల్లో హవాయి దాకా పంపేవాళ్ళు. కోసేది ఎక్కువగా ఆడవాళ్ళే, క్వాంట్లెన్ అనే అక్కడి ఆదివాసీ తెగ వాళ్ళు, కోటలో పనిచేసేవాళ్ళ పెళ్ళాలు. మగ కూలీల్లో హవాయి వాళ్ళు కూడా ఉండేవాళ్ళు. పయొనీర్ అనగానే వీళ్ళెవరూ మనకి గుర్తురారు.

ఇక 1858లో బంగారం సంగతి బయటికి పొక్కి కాలిఫోర్నియా నుంచి ఎగబడ్డారు, ఆ ఒక్క ఏడాదే దాదాపు 30,000 మంది అంటారు. చాలామంది వచ్చేసరికి కొండల మీద మంచు కరిగి నది పొంగింది, బంగారం ఉండే ఇసక దిబ్బలన్నీ నీళ్ళ కింద, ఇంక నీళ్ళు తగ్గేదాకా వారాల తరబడి కూర్చుని, తెచ్చుకున్న డబ్బులు పిండికీ పప్పుకీ పెట్టుకుని, చాలామంది తిట్టుకుంటూ వెనక్కెళ్ళిపోయారు. పైగా గవర్నర్ డగ్లస్ పెట్టిన లైసెన్సు నెలకి 21 షిల్లింగులు, దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. (ఈయన కుర్రాడప్పుడు ఫర్ ట్రేడ్ గుమస్తాగా చేరి పైకొచ్చినవాడే.) బ్రిటిష్ కొలంబియా అనే కాలనీని నవంబర్ 19న ప్రకటించింది కూడా ఈ కోటలోనే, ఆరోజు ఒకటే వానట, లోపల కానిచ్చారు.

కోటలో టూరిస్టుల కోసం తొట్టి పెట్టి బంగారం గాలించనిస్తారు. నేను పళ్ళెం పావుగంట తిప్పినా ఇసకంతా అడుగునే ఉండిపోయింది, మణికట్టు లాగేసింది. మా అమ్మ చూసి చూసి "ఇటియ్యరా, రాళ్ళ బియ్యం గాలించినట్టేగా" అని పళ్ళెం లాక్కుంది. నిజమే, కాకపోతే మనం బియ్యం ఉంచుకుని రాళ్ళు పారేస్తాం, ఇక్కడ అడుగున మిగిలిందే కావాలి, బంగారం బరువు కదా. చివర్లో నల్ల ఇసకలో రెండు పసుప్పచ్చ చుక్కలు కనిపించాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయని అప్పటికే అమ్మ వేళ్ళు ముడుచుకుపోయాయి, అదీ ఎండాకాలం, పది నిమిషాలకే. నడుం లోతు నదిలో నిలబడి రోజంతా ఇదే చేసినవాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

ఆ రెండు చుక్కలూ చిన్న సీసాలో పోయించుకుని ఊరికి పట్టుకెళ్ళింది, కంసాలికి చూపిస్తుందట.