పీహెచ్‌డీ ముందా, పదిహేనేళ్ల అనుభవం ముందా?

ప్రశ్న: మేము చెన్నై విల్లివాక్కంలో ఉంటాం. మా అమ్మాయి ఎంబీఏ తర్వాత రెండేళ్లుగా ఒక ఫైనాన్స్ కంపెనీలో లారీ రుణాల విభాగంలో పనిచేస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మాని పీహెచ్‌డీ చేస్తానని, పరిశ్రమ, ప్రభుత్వం, బోధన మూడింటినీ చూసిన మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్‌ను అవుతానని అంటోంది. పదిహేనేళ్ల అనుభవముంటే పీహెచ్‌డీ లేకుండానే ప్రొఫెసర్ కావచ్చని విన్నాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే ప్రమాదమంటారు, ఈమెవి మూడు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీరు విన్నదాంట్లో సగం నిజముంది. విశ్వవిద్యాలయాలపై అజమాయిషీ చేసే యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ మార్గదర్శకాల ప్రకారం, తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవమున్న నిపుణులను పీహెచ్‌డీ లేకపోయినా విశ్వవిద్యాలయాలు తీసుకోవచ్చు. అయితే అటువంటివారి సంఖ్య మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాటకూడదు. గడువు మూడేళ్లు, అరుదైన సందర్భాల్లో నాలుగేళ్లు, అంతే. నలభై ఏళ్లకు అక్కడ చేరినవారు నలభై నాలుగుకల్లా మళ్లీ ఉద్యోగం వెతుక్కోవలసిందే. పేరు సంపాదించి పదవీ విరమణకు దగ్గరైనవారికి అది చక్కని ఏర్పాటు గాని, మీ అమ్మాయికి అది దారి కాదని నా అభిప్రాయం.

2022 జనవరిలో కేంద్ర ముఖ్య ఆర్థిక సలహాదారుగా నియమితులైన వి. అనంత నాగేశ్వరన్ గారి జీవితక్రమాన్ని ఒకసారి చూడండి. ఆయన 1985లో అహ్మదాబాద్ ఐఐఎంలో చదువు ముగించి, అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, క్రెడిట్ సూయిస్, జూలియస్ బేర్ వంటి బ్యాంకుల్లో పనిచేసి, చెన్నైలో 1970లో మొదలైన ఐఎఫ్‌ఎంఆర్ అనే మేనేజ్‌మెంట్ విద్యా, పరిశోధన సంస్థ క్రియా విశ్వవిద్యాలయంలో భాగమయ్యాక దాని బిజినెస్ స్కూలుకు డీన్ అయ్యారు. (క్రియా ఉన్న శ్రీసిటీ తడ దగ్గరే, మన ఆంధ్ర నేల మీదే.) డాక్టరేట్ ముందే చేతిలో ఉండబట్టి, బ్యాంకుల నుంచి బోధనకు రావడానికి ఆయనకు ఏ ప్రత్యేక సడలింపూ అవసరం కాలేదు.

ప్రభుత్వంలోకి వెళ్లే తలుపు గురించి మాత్రం ఇప్పుడే లెక్కలు వేసుకోవద్దు. 2018లో కేంద్రం ఐఏఎస్ వంటి సర్వీసులకు చెందని బయటివారి కోసం పది సంయుక్త కార్యదర్శి పోస్టులు ప్రకటించింది. 2024 ఆగస్టులో ఇటువంటివే 45 పోస్టులకు ఇచ్చిన ప్రకటనను కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అధ్యాపకులకు ఇంతకంటే నమ్మకమైన దారి నిపుణుల కమిటీలది. హైదరాబాద్ ఐఎస్‌బీ ప్రొఫెసర్ కృష్ణమూర్తి సుబ్రమణియన్ గారు 2018 డిసెంబరులో ముఖ్య ఆర్థిక సలహాదారు కాకముందే, బ్యాంకుల పాలనపై రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీలోనూ, కంపెనీల పాలనపై స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వేసిన కోటక్ కమిటీలోనూ సభ్యులు. ఫలానా విషయం ఈయనకు తెలుసునని పదిమందికీ తెలిసిన తర్వాతే అటువంటి పిలుపు వస్తుంది.

అందుకే అమ్మాయి చేస్తున్న ఉద్యోగాన్ని నేను తక్కువ చేయను. శ్రీరామ్, సుందరం, చోళమండలం వంటి వాహన రుణ సంస్థలకు పుట్టినిల్లయిన ఈ నగరంలో, బ్యాంకు గడప తొక్కని లారీ యజమానికి ఏ నమ్మకం మీద అప్పు ఇస్తారు, డీజిల్ ధర పెరిగినప్పుడు కిస్తీలు ఎక్కడ తప్పుతాయి అన్నవి మంచి పరిశోధనాంశాలు. పైగా ఇటువంటి సంస్థలన్నీ రిజర్వు బ్యాంకు నిబంధనల కిందివే కాబట్టి, ఈ విషయాలు తెలిసినవారికి అటువంటి కమిటీల పిలుపూ రావచ్చు. పీహెచ్‌డీకి ఐఐటీ మద్రాస్ మేనేజ్‌మెంట్ విభాగం ఊళ్లోనే ఉంది. అయితే పరిశోధక విద్యార్థులకు మొదట ఇచ్చే ప్రభుత్వ భృతి జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. నాలుగైదేళ్లు ఇటువంటి భృతితో ఇల్లు గడుస్తుందా అన్నది మీ ఇద్దరూ కాగితం మీద తేల్చుకోండి. రాజీనామా ఇచ్చే ముందు తాను అడగదలచిన పరిశోధన ప్రశ్నను రెండు పేజీల్లో రాసి, ఆ విషయంపై పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురు ఆచార్యులకు పంపమనండి.