విశాఖ మార్గదర్శకాలకూ మన విశాఖపట్నానికీ సంబంధం ఉందా?

పేరు కలవడం వల్ల చాలామంది అలా అనుకుంటారు గానీ, సంబంధం లేదు. 1992లో రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో, ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేస్తున్న భన్వరీ దేవి ఒక బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు సామూహిక అత్యాచారానికి గురయ్యారు. ఆ తరువాత సుప్రీంకోర్టును ఆశ్రయించిన సంస్థల్లో ఒకదాని పేరు ‘విశాఖ’. ఆ కేసులోనే 1997 ఆగస్టు 13న, పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే మార్గదర్శకాలను కోర్టు నిర్దేశించింది. 2013లో వాటి స్థానంలో చట్టం వచ్చింది.

పేరు సంగతి అలా ఉంచితే, ఈ చట్టం మన నగరంలోని శ్రామిక మహిళలకు ఎంతో అవసరం. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండి తీరాలి. జగదాంబ కూడలి దగ్గర ముగ్గురే పనిచేసే బట్టల దుకాణంలోనో, ఎంవీపీ కాలనీలో ఒకరి ఇంట్లోనో పనిచేసే మహిళ జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. వేధించినది యజమానే అయినా, సంస్థ ఎంత పెద్దదైనా, అక్కడికే వెళ్లాలి.

ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. రాయలేని మహిళకు రాయడంలో సాయపడటం కమిటీ బాధ్యత. నా దృష్టిలో ఇది చట్టంలోకెల్లా విలువైన నిబంధన, ఎందుకంటే తెల్లవారకముందే రొయ్యలు ఒలవడానికి కూర్చునే కూలీకి తరచుగా నోటిమాట తప్ప వేరే ఆధారం ఉండదు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి.