రెండు సీట్ల కారు, పద్నాలుగు కాసుల బాకీ

ప్రశ్న: నా వయసు 44. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కాలేజీ రోజుల నుంచీ నాకు స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. నా స్నేహితుడి అన్నగారికి 2003 నాటి శాన్ స్టార్మ్ ఉంది. గోవాలో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. 2016లో ఆయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయినప్పటి నుంచి సింగ్ నగర్‌లో వాళ్ళ షెడ్డులోనే కదలకుండా ఉంది. లక్షా అరవై వేలకు ఇచ్చేస్తామంటున్నారు. ఈమధ్యే చీటీ పాడితే రెండున్నర లక్షలు చేతికొచ్చాయి. కారు కొని, మిగిలిన తొంభై వేలు రిపేర్లకు పెట్టి, ఆదివారాలు నేనూ నా స్నేహితుడూ అమరావతి వైపు అలా వెళ్ళి రావాలని ఆశ. పాత ఇనుము ఇంటికి తెస్తే శని పట్టుకుంటుందని మా అమ్మ గొడవ. నా భార్యతో ఇబ్బంది లేదు, అడిగితే 'మీ ఇష్టం' అంది. కాకపోతే కొన్నాళ్ళుగా ముభావంగా ఉంటోంది. మొన్న నా మేనకోడలి పెళ్ళికి కూడా తలనొప్పి అని రాలేదు. మూడేళ్ళ కిందట మా తమ్ముడి ఇంటి స్లాబు కోసం, పుట్టింటివాళ్ళు తనకు పెట్టిన పద్నాలుగు కాసుల నగలు బ్యాంకులో పెట్టి మూడున్నర లక్షలు తెచ్చాను. ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాను కాబట్టి ఆ బెంగా లేదు. ఈ ధరకు కారు కొనొచ్చా? ఇన్నేళ్ళు తిరగని ఇంజను పనికొస్తుందా? అమ్మను ఎలా ఒప్పించాలి?

జవాబు: ముందు మీరడిగిన వాటికే చెబుతాను. లేకపోతే ఆ తర్వాతి మాటలు మీ చెవికెక్కవు.

అమ్మగారి సంగతి వదిలేయండి. కారు గుమ్మం ముందుకొచ్చిన రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించేదీ ఆవిడే, గుమ్మడికాయ కొట్టించేదీ ఆవిడే, సాయంత్రానికల్లా పక్కింటికి వెళ్ళి మావాడు సినిమావాళ్ళ కారు కొన్నాడని చెప్పేదీ ఆవిడే. ఆ పేచీ తీర్చడానికి నేనక్కర్లేదు.

ఇక కారు. ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్‌ను అడిగాను. బ్యాటరీ తగిలించి 'ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం' అనేవాణ్ణి దగ్గరకు రానివ్వద్దన్నాడు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, ఇంజను చేత్తో తిరుగుతుందో లేదో ముందు చూడాలట. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసేయాలి. బ్రేకులు పట్టేసి ఉంటాయి. క్లచ్ ప్లేటు అతుక్కుపోయి ఉండొచ్చు. టైమింగ్ బెల్టు, రబ్బరు పైపులు, టైర్లు మార్చక తప్పదు. టైరు నల్లగా నిగనిగలాడుతోందని మోసపోకండి, దాని పక్కన అచ్చైన నాలుగంకెల్లో చివరి రెండూ అది తయారైన సంవత్సరం. ఇంజను రెనో వాళ్ళ 1.2 లీటర్లది, దాన్ని విప్పి బిగించగలిగేవాళ్ళు ఆటోనగర్‌లో దొరుకుతారు. కానీ తయారీయే ఆగిపోయిన కారుకు ముందు అద్దం పగిలితే, టాపు చిరిగితే, డోరు లాకు విరిగితే ఎక్కడికి పోతారు?

ఒక్క విషయం మాత్రం నాకు అర్థం కాలేదు. విజయవాడ మనిషై ఉండి, సింగ్ నగర్ షెడ్డులో ఉన్న కారు గురించి ఇంత రాసి, బుడమేరు వాగు వరద మాట ఎత్తలేదేం? 2024 సెప్టెంబరు మొదట్లో ఆ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. కారు ఆ నీళ్ళలో మునిగిందా లేదా? స్టార్మ్‌ది ఫైబర్ బాడీ. అది తుప్పు పట్టదు, తుడిచి పాలిష్ కొడితే షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. లోపలి ఇనుప చాసిస్‌కీ వైరింగుకూ ఆ భాగ్యం లేదు. షెడ్డుకు వెళ్ళినప్పుడు బానెట్ మీద చెయ్యి వేసి మురిసిపోవడం మాని, కాళ్ళ దగ్గరి కార్పెట్ ఎత్తి చూడండి. సీటు జరిగే పట్టాల సందులో వేలు పెట్టండి. సన్నటి ఒండ్రుమట్టి తగిలితే బేరం అక్కడితో ఆపేసి ఇంటికి రండి.

కాగితాలు సరేసరి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు, అంటే దీనిది 2018లోనే అయిపోయింది. 2022 ఏప్రిల్ నుంచి ఆలస్యానికి నెలకు 500 చొప్పున పడుతుంది. 20 ఏళ్ళు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో పదివేలు చేశారు. ఆపైన గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, బండి పాసవ్వాలని బ్రేక్ ఇనస్పెక్టరు ముందు నిలబడటం. మీరు పక్కన పెట్టుకున్న తొంభై వేలు ఎటూ చాలవు. అకౌంట్స్ చూసేవారు, మీకు నేను లెక్క చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగనిదానికి వస్తాను.

మేనకోడలి పెళ్ళికి మీ భార్య రాకపోవడం తలనొప్పి వల్ల కాదు బాబూ. ఆడపడుచు కూతురి పెళ్ళంటే మేనమామ భార్య హోదాలో పెళ్ళిపందిట్లో అటూ ఇటూ తిరగాల్సిన మనిషి ఆమె. మీ వైపు చుట్టాలంతా వస్తారు. మీ తమ్ముడి భార్య వస్తుంది, మెడలో హారంతో, కొత్తింటి కబుర్లతో. ఆ తోడికోడలి పక్కన మీ ఆవిడ మెడలో ఏం వేసుకుని నిలబడాలి? నల్లపూసలూ, బజార్లో కొన్న వన్ గ్రామ్ గోల్డు గొలుసూనా? 'నీ కాసులపేరు ఏదమ్మా' అని నోరున్నవాళ్ళు అడుగుతారు, లేనివాళ్ళు ఓరగా చూస్తారు. మరిది ఇంటి స్లాబులో ఉందని చెబితే పోయేది మీ పరువూ, మీ తమ్ముడి పరువూ. అందుకని తలనొప్పి తెచ్చుకుని ఇంట్లో కూర్చుంది. మీ ఇంటి పరువు అలా కాపాడిన మనిషి గురించి మీరు నాకు రాసింది 'ముభావంగా ఉంటోంది' అని.

నగలు అడిగిన రోజున కూడా 'మీ ఇష్టం' అనే ఉంటుంది. ఆరోజు ఆ మాట వెనకాల మీ మీద నమ్మకం ఉంది. ఇవాళ కారు గురించి అడిగినప్పుడు ఆ నమ్మకం లేదు. కాదంటే మాత్రం ఆగేవాళ్ళా అనుకుని ఉంటుంది. మీకు ఇబ్బంది లేనట్టు కనిపించిందంటే, మీతో వాదించడం ఆవిడ మానేసిందన్నమాట. నా దగ్గరకొచ్చే ఉత్తరాల్లో అరిచి గోల చేసే భార్యల గురించి నాకు పెద్దగా బెంగ ఉండదు, ఎదుటివాడు మారతాడన్న ఆశ ఇంకా ఉండబట్టే అరుస్తారు. మీ ఇంటి గురించి మాత్రం బెంగ ఉంది.

కారు వస్తే ఆదివారాలు ఏం చేస్తారో కూడా రాశారు. ఉన్నవి రెండే సీట్లు, రెండో దాంట్లో స్నేహితుణ్ణి కూర్చోబెట్టారు. ఒక్క ఆదివారమైనా ఆమెను ఎక్కించుకుని అమరావతి గుడికి తీసుకెళ్దామని ఉత్తరంలో ఊరికే రాయడానికైనా తోచలేదు మీకు.

ఇల్లు తమ్ముడిది కాబట్టి తీర్చాల్సింది వాడు అంటారేమో. కాదు. ఆమె నగలు తీసి పెట్టింది మీ చేతిలో. మీరు తమ్ముడికి ఇచ్చుకున్నారు, ఆ లెక్క అన్నదమ్ములు చూసుకోండి. వాడు వడ్డీ అయినా కడుతున్నాడా అన్నది మీరు రాయలేదు, నేనూ అడగను. తోడబుట్టినవాడికి ఇల్లు నిలబెట్టినందుకు మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, అది చెయ్యాల్సిందే. కానీ అన్నగా మీ బాధ్యత ఆమె బంగారంతో తీర్చుకుని, మీ చేతికి డబ్బు రాగానే మీ సరదా గుర్తొచ్చిందే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. సుప్రీం కోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులోనే చెప్పింది, స్త్రీధనం పూర్తిగా భార్య సొంతమని. 2024 ఏప్రిల్‌లో మళ్ళీ చెప్పింది: భర్తకు దాని మీద హక్కు లేదు, కష్టకాలంలో వాడుకోవచ్చు గానీ తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే అని. కోర్టుల దాకా వెళ్ళే మనిషి కాదామె. కనుకే మీరంతట మీరు ఇవ్వాలి.

వడ్డీ కడుతున్నాను కాబట్టి బెంగ లేదన్నారు. మీకు లేదు. బీరువాలో ఖాళీ పెట్టె చూసుకునేది మీరు కాదు కదా.

లెక్క చెబుతాను, వినండి. లోను మూడున్నర లక్షలు, చేతిలో రెండున్నర ఉంది. మూడేళ్ళ కిందటితో పోలిస్తే బంగారం ధర ఎక్కడికో వెళ్ళిపోయింది. పాత లోను మూసేస్తే, తక్కువపడిన లక్షకు ఇవాళ పద్నాలుగు కాసులు అక్కర్లేదు, రెండు మూడు కాసులు పెడితే వస్తుంది. గాజులు పెడితే చాలు, హారం, కాసులపేరు, మిగతావన్నీ ఇంటికొస్తాయి. అయితే ఆ గాజులు పెట్టాలా, లేక ఆ లక్ష మీరింకెక్కడైనా సర్దుకోవాలా అన్నది ఆమె చెప్పాలి. 'మీ ఇష్టం' అంటే వెంటనే ఒప్పుకోకండి. నీ ఇష్టమేంటో చెప్పు అని కూర్చోండి. మొదట ఏమీ చెప్పదు. చెప్పేదాకా లేవకండి.

ఇంకోటి. మీరొక్కరే బ్యాంకుకు వెళ్ళి సంచీలో తెచ్చి బీరువాలో పెట్టేయకండి. ఆమెను వెంట తీసుకెళ్ళండి. బ్యాంకులో బంగారం పరీక్షించే అప్రైజరు కవరు విప్పాక ఒక్కొక్క వస్తువూ ఆమె చేత్తో తీసి, తిప్పి చూసుకుని, లెక్క సరిపోయిందని తనే చెప్పనివ్వండి. ఆ రోజు కారు మాట ఎత్తారో, ఇచ్చిందంతా కారు కోసం ఇచ్చిన లంచం అయిపోతుంది. అమ్మగారి ముందు, తమ్ముడి ముందు దాన్ని పెద్ద ఘనకార్యంలా చెప్పుకోకండి కూడా.

ఇంతకీ నేను మీ సరదాకు శత్రువును కాను. ఇరవై ఏళ్ళు ఇంటికీ, తమ్ముడికీ, ఫీజులకీ సంపాదించిన మనిషికి తనకంటూ ఒక పిచ్చి ఉండొద్దనడం అన్యాయం. మా తరం మగవాళ్ళు చాలామంది ఏ సరదా లేకుండానే రిటైరై, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తీశారు. మీ పిచ్చికి నా ఓటు ఉంది. నగలు ఇంటికొచ్చి, ఇంకో చీటీ పాడుకున్నాక, షెడ్డులో కార్పెట్ కింద మట్టి లేకపోతే, కొనుక్కోండి. రిపేరుకు రెండు లక్షలు అనుకుని దిగండి.

ఈలోపు ఎవరో ఎగరేసుకుపోతారని కంగారు పడకండి. 2016 నుంచి ఎవరూ కొనని కారు అది. ఎగబడేవాళ్ళుంటే మీ స్నేహితుడు మీ వెంట పడేవాడు కాదు. అన్నగారు ఎప్పుడైనా ఇక్కడికి వస్తే మాత్రం ఆర్‌సీ ఎవరి పేరున ఉందో, దాని మీద పాత లోనేమైనా ఉందో అడిగి తెలుసుకోండి. అమ్మేటట్టయితే బండి మీ పేరుకు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు ఎప్పుడు పెడతారో కూడా అడగండి. అడగడానికి డబ్బు ఖర్చు కాదు.