రెండు లయబిలిటీ పాలసీలూ ఒకదాంట్లో కలిపేయొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. 6 ఏళ్లుగా ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ కడుతున్నాను, ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా రాలేదు. ఇప్పుడు ఒక పెద్ద ఆఫీసు పని వచ్చింది. జనరల్ లయబిలిటీ కూడా ఉంటేనే అగ్రిమెంట్ మీద సంతకం పెడతామని వాళ్లు అంటున్నారు. మా ఏజెంట్ ఏమో పాతది రెన్యువల్ చేయకండి, రెండూ కలిసిన పాలసీ తీసుకోండి, ప్రీమియం కూడా తగ్గుతుంది అంటున్నారు. అసలు ఈ రెండింటికీ తేడా ఏంటో నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. కలిపేస్తే నష్టమేమైనా ఉందా?
(పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: కలపొచ్చండీ, మీలాంటి పనిలో ఉన్నవాళ్లకు కలపడమే మంచిదని నా అభిప్రాయం. కానీ పాత పాలసీ రెన్యువల్ తేదీ దాటకముందే కొత్తదాంట్లో ఒక్క విషయం చూసుకోవాలి, దాని గురించి కింద చెప్తాను. అది చూసుకోకుండా పాతది వదిలేస్తే మీరు 6 ఏళ్లు కట్టిందంతా వృథా అయిపోయే ప్రమాదం ఉంది.

ముందు తేడా చూద్దాం. మీరు కొలతలు తీసుకోవడానికి సైటుకి వెళ్లారు, మీ నిచ్చెన జారి వాళ్ల గాజు తలుపు పగిలింది, లేదా మీరు తెచ్చిన శాంపిల్ పెట్టెలు తగిలి ఎవరో పడి చెయ్యి విరిగింది. ఇది జనరల్ లయబిలిటీ. బయటివాళ్ల ఒంటికి దెబ్బ తగిలినా, వాళ్ల వస్తువు పాడైనా అది చూసుకుంటుంది. ఇంకోటి, మీరు డ్రాయింగ్‌లో కొలత తప్పు వేశారు, క్యాబిన్లన్నీ ఆ కొలతకే చేయించారు, తీరా బిగించేటప్పుడు పట్టలేదు, అన్నీ మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ పగల్లేదు, కానీ క్లయింటుకి డబ్బు పోయింది, అదీ మీ పొరపాటు వల్ల. ఇది ప్రొఫెషనల్ లయబిలిటీ.

ఇంతవరకు తేలికే. చిక్కంతా ఈ రెండింటి మధ్యలో వచ్చేవాటితోనే. మీరు ఒక గోడకి బరువైన అల్మారా బిగించమని డిజైన్ ఇచ్చారు, ఆ గోడ అంత బరువు మోయలేదు, 3 నెలల తర్వాత అది ఊడి ఒకాయన భుజం మీద పడింది. ఇప్పుడు ఏ పాలసీ కింద అడుగుతారు? దెబ్బ తగిలింది కాబట్టి జనరల్ అనుకుని వెళ్తే, ఇది డిజైన్ లోపం వల్ల వచ్చింది, వృత్తిపరమైన సేవలు మా ఎక్స్‌క్లూజన్స్‌లో (అంటే కవర్ ఇవ్వని వాటి జాబితాలో) ఉన్నాయి అంటారు. ప్రొఫెషనల్ దగ్గరికి వెళ్తే, శరీరానికి దెబ్బ తగిలిన కేసులు మేం ఇవ్వం అనే క్లాజు చూపించొచ్చు. రెండూ వేరు వేరు కంపెనీలవైతే వాళ్లలో వాళ్లు నువ్వు కట్టాలంటే నువ్వు కట్టాలని తోసుకుంటుంటారు, ఈలోగా లాయర్ ఫీజు మీరే కట్టుకుంటూ ఉంటారు. రెండు కవర్లూ ఒకే కంపెనీ దగ్గర ఉంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది, నన్నడిగితే ప్రీమియం తగ్గడం కంటే కలపడానికి అసలు కారణం ఇదే. అయితే కంపెనీ ఒకటే అయినంత మాత్రాన ఆ సందు మూసుకుపోయిందని అనుకోకండి. పాలసీలో రెండు భాగాల్లోనూ అవే ఎక్స్‌క్లూజన్స్ యథాతథంగా ఉండొచ్చు. అందుకని ఈ అల్మారా ఉదాహరణే రాసి, ఇలా జరిగితే ఏ భాగం కింద ఇస్తారని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో తీసుకోండి, ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున నిలవదు.

ఇప్పుడు మొదట చెప్పిన విషయం. ప్రొఫెషనల్ లయబిలిటీ సాధారణంగా 'క్లెయిమ్స్ మేడ్' పద్ధతిలో ఉంటుంది. అంటే పొరపాటు ఎప్పుడు జరిగిందని కాదు, మీ మీద క్లెయిమ్ వచ్చిన రోజున పాలసీ నడుస్తూ ఉందా లేదా అన్నది లెక్క. దాంతోపాటు 'రెట్రోయాక్టివ్ డేట్' అని ఒక తేదీ రాసి ఉంటుంది, ఆ తేదీకి ముందు చేసిన పనికి కవర్ ఉండదు. మీ పాత పాలసీలో ఆ తేదీ 6 ఏళ్ల కిందటిది అయి ఉండొచ్చు. కొత్త పాలసీలో ఇవాళ్టి తేదీ వేశారనుకోండి, ఈ 6 ఏళ్లలో మీరు ఇచ్చిన ప్రతి డ్రాయింగూ ఆ క్షణం నుంచి కవర్ లేకుండా పోతుంది. రేపు ఎవరైనా పాత పని గురించి కేసు వేస్తే పాత కంపెనీ పాలసీ అయిపోయిందంటుంది, కొత్త కంపెనీ ఇది మా తేదీకి ముందు సంగతంటుంది. దయచేసి ఈ తేదీ పాతదే కొనసాగించమని అడగండి. ఒప్పుకోకపోతే పాత కంపెనీ దగ్గర క్లెయిమ్‌లు తెలియజేసే గడువు పొడిగించే 'టెయిల్' కవర్ కొనుక్కోవాలి, దాని ఖర్చు కలిపి చూశాక కూడా కొత్త పాలసీ చవకగా ఉందో లేదో అప్పుడు లెక్క వేయండి.

జనరల్ లయబిలిటీ చాలావరకు దీనికి ఉల్టా. సంఘటన పాలసీ కాలంలో జరిగితే చాలు, క్లెయిమ్ తర్వాతెప్పుడో వచ్చినా ఆ పాలసీయే చూసుకుంటుంది. కానీ కొన్ని కలిసిన పాలసీల్లో ఈ భాగాన్ని కూడా క్లెయిమ్స్ మేడ్‌కి మార్చేస్తారు, అదొకటి అడిగి తెలుసుకోండి.

ఇక లిమిట్, అంటే కంపెనీ గరిష్ఠంగా ఇచ్చే మొత్తం. కలిపినప్పుడు రెండు భాగాలకూ విడివిడి లిమిట్లు ఇస్తున్నారా, లేక ఏడాదికంతా ఒకే మొత్తమా? ఒకే మొత్తం 100 అనుకుందాం. గాజు తలుపు, విరిగిన చెయ్యి కేసులకే 70 పోతే, డిజైన్ పొరపాటుకి మిగిలేది 30. పైగా లాయర్ ఖర్చులు ఆ లిమిట్‌లోంచే తీస్తారా, బయట నుంచి ఇస్తారా అన్నది కూడా పాలసీని బట్టి మారుతుంది. లోపలి నుంచే తీస్తే కేసు సాగేకొద్దీ పరిహారానికి మిగిలేది కరుగుతూ పోతుంది. ప్రీమియం కొంచెం ఎక్కువైనా సరే విడి లిమిట్లే తీసుకోండి.

ఇంకో సంగతి, పాత క్లయింట్లలో ఎవరైనా ఇప్పటికే గట్టిగా కంప్లైంట్ చేసి ఉంటే, కేసు కాకపోయినా సరే, పాత పాలసీ నడుస్తుండగానే ఆ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పేయండి. కొత్త ప్రపోజల్ ఫారంలో కూడా దాచొద్దు, దాచారని తేలితే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకి అదొక్కటి చాలు. ఆ ఆఫీసువాళ్లు తమ పేరు కూడా పాలసీలో చేర్చమని అడుగుతారు చూడండి, జనరల్ భాగంలో అది మామూలే, ప్రొఫెషనల్ భాగంలో మాత్రం కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. అగ్రిమెంట్‌లో రెండింటిలోనూ చేర్చాలని రాసి ఉంటే సంతకానికి ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను ఇంట్లో కూర్చుని కంపెనీలకు అకౌంట్స్ చేసి పెడతాను. నా దగ్గరికి ఎవరూ రారు. నాకూ రెండూ కావాలా?

జవాబు: మీకు ముందు కావాల్సింది ప్రొఫెషనల్ లయబిలిటీ, అది లేకుండా ఉండకండి. మీరు కూడా ఎవరి ఆఫీసుకీ వెళ్లకపోతే జనరల్ రిస్క్ తక్కువే, క్లయింట్ అగ్రిమెంట్‌లో అడిగితే అప్పుడు చేర్చుకోవచ్చు. మీ విషయంలో నాకు ఎక్కువ భయం వేరే దాని గురించి. క్లయింట్ల బ్యాంకు వివరాలు మీ కంప్యూటర్‌లో ఉంటాయి, అవి ఎవరైనా దొంగిలిస్తే అయ్యే ఖర్చుకి ఈ రెండు పాలసీల మీదా పూర్తిగా ఆధారపడలేం, దానికి సైబర్ కవర్ విడిగా ఉంటుంది.

ప్రశ్న: మాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. ఫర్నిచర్‌కి, బయటివాళ్లకి తగిలే దెబ్బలకి కలిపి ఒక ప్యాకేజీ పాలసీ ఉంది. ఏజెంట్ ఇది కాంప్రహెన్సివ్, అన్నీ వస్తాయి అన్నారు. అంటే ప్రొఫెషనల్ కూడా ఉన్నట్టేనా?

జవాబు: ఆ మాట మీద నమ్మకం పెట్టుకోకండి. అమెరికాలో జనరల్ లయబిలిటీ పాలసీ పేరులోనే ఒకప్పుడు కాంప్రహెన్సివ్ అని ఉండేది, 1986లో దాన్ని తీసేసి కమర్షియల్ అని మార్చారు, ఎందుకంటే ఆ పేరు చూసి అన్నిటికీ కవర్ ఉందని అనుకునే వీలుంది. మీ ప్యాకేజీలాంటివి ఎక్కువగా ఆస్తికి, జనరల్ లయబిలిటీకి కలిపి ఇస్తారు, ప్రొఫెషనల్‌ని విడిగా చేర్చుకోవాల్సి ఉంటుంది. మీ పేషెంట్ వెయిటింగ్ రూంలో జారిపడితే ఒక లెక్క, మీరు వ్యాయామం చేయిస్తుండగా నొప్పి ఎక్కువైతే ఇంకో లెక్క, బెడ్ మీద నుంచి దిగుతూ పడితే అది రెండిట్లో ఏదో తేల్చడానికే గొడవ. పాలసీ షెడ్యూల్ (ఏ కవర్ ఎంత ఉందో రాసి ఉండే పేజీ) తీసి చూడండి. ప్రొఫెషనల్ అనే పేరుతో విడిగా ఒక లిమిట్ అంకె కనిపించకపోతే మీకది లేనట్టే లెక్క వేసుకుని, ఈ వారమే ఎండార్స్‌మెంట్ కోసం, అంటే పాలసీలో దాన్ని చేర్చే రాతపూర్వక మార్పు కోసం అడగండి.