ఆలిస్ కూపర్ మనిషా, బ్యాండా?

ప్రశ్న: రాక్ సంగీతంలో వినిపించే ఆలిస్ కూపర్ గాయకుడని కొందరు, బ్యాండ్ అని కొందరు అంటారు. ఏది నిజం? బ్యాండే అయితే ఎందుకు విడిపోయింది?

జవాబు: రెండూ నిజమే. చాలాకాలం నేనూ మనిషనే అనుకున్నాను. అలా అనుకోవడానికి కారణమేమిటో తెలిస్తే మీ రెండో ప్రశ్నకూ జవాబు దొరికినట్టే.

1964లో అమెరికాలోని ఫీనిక్స్‌లో కోర్టెజ్ హైస్కూల్ కుర్రాళ్లు కొందరు విగ్గులు పెట్టుకుని బీటిల్స్ వేషం కట్టారు. అందరికీ వాయించడం రాదు కాబట్టి ఊరికే నటించారు. చప్పట్లు పడేసరికి నిజంగానే నేర్చుకున్నారు. ముందు వేషం, తర్వాతే సంగీతమన్నమాట! పేర్లు మార్చి మార్చి 1968లో 'ఆలిస్ కూపర్' దగ్గర ఆగారు. అప్పటికది ఐదుగురి పేరు: పాడే విన్సెంట్ ఫర్నియర్, గిటార్లు గ్లెన్ బక్స్‌టన్, మైకేల్ బ్రూస్, బేస్ డెనిస్ డనవే, డ్రమ్స్ నీల్ స్మిత్.

మొదటి రెండు ఆల్బమ్‌లు ఎవరూ పెద్దగా కొనలేదు. 1971లో ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్ చేతిలో పడ్డాకే దశ తిరిగింది. 1973 టూర్‌కైతే స్టేజీ మీద గాయకుడి తల తెగినట్టు చూపడానికి మెజీషియన్ జేమ్స్ రాండీ గిలటిన్ (తల నరికే యంత్రం) తయారుచేసి, తలారి వేషం కూడా తనే వేశాడు. ఆ ఏడాది 'బిలియన్ డాలర్ బేబీస్' ఆల్బమ్ అమెరికాలో, బ్రిటన్‌లో నంబర్ వన్.

చిక్కంతా అక్కడే. తల తెగేది ఒక్కడిదే అయితే జనం చూపు వాడి మీదే ఉంటుంది. ఫర్నియర్ చట్టప్రకారం తన పేరే ఆలిస్ కూపర్‌గా మార్చుకున్నాడు. బక్స్‌టన్ తాగుడుతో, అనారోగ్యంతో కుంగిపోయాడు. స్టూడియోలో అతని బదులు వేరేవాళ్లు వాయించారు. 1974 తర్వాత చాలా ఏళ్లు బ్యాండ్ మళ్లీ కలవలేదు. 1975లో ఫర్నియర్ కొత్తవాళ్లతో, అదే పేరుతో సోలో ఆల్బమ్ తెచ్చేశాడు.

మిగతావాళ్లకు నాటకం మొహం మొత్తిందని, సెట్ల ఖర్చు నచ్చలేదని అంటుంటారు. నాకంత నమ్మకం కుదరదు. బ్రూస్, డనవే, స్మిత్ కలిసి పెట్టిన బ్యాండ్ 1977లో ఆల్బమ్ తెస్తే, దాని స్టేజీ షోలో గ్లాడియేటర్ల పోరు పెట్టారు మరి! అది నాలుగు రోజులు కూడా నిలవలేదనుకోండి.

బక్స్‌టన్ 1997లో పోయాడు. 2011లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ చేర్చుకున్నది గాయకుణ్ణి ఒక్కణ్ణే కాదు, ఐదుగురినీ. వినాలనుకుంటే 1971 నాటి 'కిల్లర్'తో మొదలుపెట్టండి. గొంతును కాసేపు వదిలేసి డనవే బేస్ వినండి.